వేసవి క్యాంపుకు బిడ్డ బయలుదేరితే సంఘం చేయవలసిన పని

ఏప్రిల్ నెలాఖరున తెలంగాణలో బడులకు సెలవులిస్తారు. మళ్ళీ తలుపులు తెరుచుకునేది జూన్ రెండో వారంలోనే. మధ్యనున్న ఈ ఏడు వారాల మీదే సంఘాలన్నిటి కన్నూ ఉంటుంది. వీబీఎస్ ఈ రోజుల్లోనే, యౌవనస్థుల కూడికలు ఈ రోజుల్లోనే, పెళ్ళిళ్ళు, ఊరి ప్రయాణాలు కూడా ఈ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే ఎన్‌సీసీలో ఉన్న పిల్లల ఇళ్ళకు ఒక కాగితం వస్తుంది. పదిరోజుల శిక్షణ శిబిరం, తల్లిదండ్రుల సమ్మతి సంతకం కావాలి, డాక్టరు ధ్రువపత్రం కావాలి, దుప్పటి, దోమతెర, పళ్ళెం, మగ్గు వెంట తెచ్చుకోవాలి అని అందులో ఉంటుంది.

ఆ కాగితం చూడగానే ఇంట్లోనూ సంఘంలోనూ నాలుగు ప్రశ్నలు లేస్తాయి. "ఈ ఎండల్లో పదిరోజులా?" అంటుంది తల్లి. "తుపాకీ పట్టడం మన పిల్లలకు అవసరమా?" అంటారు సంఘ పెద్దలు. "ఆదివారం ఆరాధన సంగతేమిటి?" అంటారు కాపరి. "వీబీఎస్‌లో సాయం చేసే పిల్లలే వెళ్ళిపోతే ఎలా?" అంటారు సండేస్కూలు టీచర్లు. నాలుగూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు తెలియక కొందరు బిడ్డను ఆపేస్తారు, కొందరు సంఘానికి చెప్పకుండా పంపేస్తారు. రెండింటివల్లా నష్టమే. మా మనవి ఒక్కటే: తెలుసుకుని పంపండి, సంఘమే పంపినట్టు పంపండి, తిరిగి వచ్చాక ఆ బిడ్డకు పని అప్పగించండి.

ఎన్‌సీసీ గేటు లోపల

తార్నాక, లాలాపేట, సీతాఫల్‌మండి, హబ్సిగూడ, అడిక్‌మెట్ ప్రాంతాల సంఘాలకు క్యాడెట్లు కొత్తవారు కారు. ఈ పేటల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి ముఖచిత్రమైన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. విద్యానగర్, అడిక్‌మెట్ వైపు నుంచి క్యాంపస్‌లోకి దారితీసే ద్వారాన్ని ఊరంతా ఎన్‌సీసీ గేటు అనే పిలుస్తుంది. ఆటోవాళ్ళకు కూడా ఆ పేరు చెబితే చాలు. తెల్లవారుజామున క్యాంపస్ రోడ్ల మీదా మైదానాల్లోనూ పోలీసు ఉద్యోగాలకు పరుగు సాధన చేసే జిల్లాల పిల్లలు కనిపిస్తారు. వారిలో మన సంఘాల బిడ్డలూ ఉన్నారు. పల్లె సంఘంలో బాప్తిస్మం పొంది, చదువు కోసం పట్నం వచ్చి, తార్నాక చుట్టుపక్కల గదుల్లో ఉంటూ ఆదివారం ఏదో ఒక మందిరంలో వెనక బల్ల మీద కూర్చునేవారు వీరే.

ఇంతకీ క్యాడెట్ అంటే ఎవరు? నేషనల్ క్యాడెట్ కోర్ చట్టం 1948లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 1946లో, హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. పాఠశాలల్లోనూ కళాశాలల్లోనూ దేశమంతటికీ ఒకే సంస్థ ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. 1948 జూలై 15న ఎన్‌సీసీ మొదలైంది. 1949లో అమ్మాయిల విభాగం, 1950లో వైమానిక విభాగం, 1952లో నౌకా విభాగం చేరాయి. అంతకు చాలా ముందే, 1917లో, బ్రిటిషు పాలనలో విశ్వవిద్యాలయ విద్యార్థుల దళాలు పుట్టాయి. ఎన్‌సీసీ వేళ్ళు అక్కడివే.

మన సంఘాల్లో డెబ్బై అయిదేళ్ళు దాటిన పెద్దలను అడిగితే ఇంకో సంగతి చెబుతారు. చైనా యుద్ధం తరువాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. ఇష్టం ఉన్నా లేకపోయినా పరేడుకు రావలసిందే. అయిదేళ్ళు గడిచాక, 1968లో, దాన్ని మళ్ళీ ఐచ్ఛికం చేశారు. అప్పటినుంచీ ఇష్టపడి చేరేవారిదే ఎన్‌సీసీ. బిడ్డను బలవంతంగా క్యాంపుకు తోలే తండ్రీ, బలవంతంగా ఆపే తండ్రీ ఇద్దరూ గుర్తుంచుకోవలసిన చరిత్ర ఇది.

పదిరోజుల్లో ఏం జరుగుతుంది?

వారం వారం పరేడు ఎవరి బడిలో వారికే జరుగుతుంది. పక్కన నిలబడేది తెలిసిన మిత్రుడే. వార్షిక శిక్షణ శిబిరం అలా కాదు. ఒక బెటాలియన్ కింద ఉన్న అనేక పాఠశాలల, కళాశాలల పిల్లలందరినీ ఒకచోటికి తెస్తారు. ఇన్ని వందల మందికి పడక, వంట, మైదానం కావాలి. హాస్టలున్న బడో, ఇంజనీరింగ్ కాలేజీయో, విశ్వవిద్యాలయ ప్రాంగణమో సెలవుల్లోనే ఖాళీగా దొరుకుతుంది. వేసవిలో క్యాంపులు పెట్టడానికి ఇది ముఖ్య కారణం. చదువు పోకుండా ఉండడం రెండోది.

తెల్లవారక ముందే లేవాలి. ఎండ రాకముందు పీటీ. తరువాత టిఫిను, ఫాలిన్, డ్రిల్లు. ఆజ్ఞలన్నీ హిందీలోనే: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. ఎండ ముదిరాక నీడలో తరగతులు. మ్యాపు చదవడం, దిక్సూచి వాడడం, ప్రథమ చికిత్స, అగ్నిప్రమాదంలో ఏం చేయాలో, వరదలో మనుషుల్ని ఎలా తరలించాలో చెబుతారు. సైన్యం నుంచి వచ్చిన శిక్షకుల పర్యవేక్షణలో పాయింట్ 22 రైఫిలు గురించి నేర్పి, కాల్పుల మైదానంలో లెక్కపెట్టి ఇచ్చిన తూటాలతో గురి సాధన చేయిస్తారు. సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్, పాటలు, నాటికలు. ఆ తరువాత దీపాలు ఆర్పేస్తారు. మధ్యలో ఒక రోజు ఊరు శుభ్రం చేయడమో, మొక్కలు నాటడమో, రక్తదానం గురించి ఊరేగింపుగా వెళ్ళడమో ఉంటుంది.

ఈ పనులన్నిటికన్నా లోతైన శిక్షణ మరొకటి ఉంది. దాన్ని ఏ తరగతిలోనూ చెప్పరు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలి. ముందున్నవాడి ఇంటిపేరు తెలియదు, వెనకనున్నవాడి కులం తెలియదు. ఎవరి పళ్ళెం వారే కడుక్కోవాలి. రాత్రి కాపలా వంతు వస్తే పెద్దింటి బిడ్డయినా కూలివాని బిడ్డయినా లేచి నిలబడాలి. ఈ రోజు నాయకుడిగా ఆజ్ఞ ఇచ్చినవాడు రేపు వంటశాల పనిలో మరొకరి మాట వినాలి. మన మందిరాల్లో అందరం ఒకే బల్ల దగ్గర పాలు పొందుతాం. కాని సంబంధాలు కలుపుకునేటప్పుడూ, కమిటీ ఎన్నికలప్పుడూ కులం పేరు వినబడుతూనే ఉంది. ఆ మాట దాచిపెట్టి లాభం లేదు. పదిరోజులు వరుసలో నిలబడి తిన్న బిడ్డకు ఆ తేడా వింతగా కనబడితే, ఆ బిడ్డ వల్ల మనకూ మేలే.

క్యాంపు వల్ల చదువుకూ ఉద్యోగానికీ కూడా ఉపయోగముంది. జూనియర్ విభాగంలో రెండేళ్ళు పూర్తయితే 'ఎ' సర్టిఫికెట్టు, సీనియర్ విభాగంలో రెండేళ్ళకు 'బి', మూడో ఏట 'సి' పరీక్షలుంటాయి. వీటికి కూర్చోవాలంటే క్యాంపు హాజరు ఉండాలి. 'సి' సర్టిఫికెట్టులో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్న యువతీయువకులకు సైన్యంలో ప్రత్యేక ప్రవేశం ఉంది. 19 నుంచి 25 ఏళ్ళ లోపు అవివాహితులు రాతపరీక్ష లేకుండా నేరుగా ఎంపిక బోర్డు ఇంటర్వ్యూకు వెళ్ళవచ్చు. కోచింగు ఫీజు కట్టలేని ఇళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

సండేస్కూలులోంచి నడిచివచ్చిన ఆలోచన

వేసవి క్యాంపు సంఘానికి పోటీ అనుకునేవారికి ఒక పాత కథ చెప్పాలి. 1880లలో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో విలియం అలెగ్జాండర్ స్మిత్ అనే సండేస్కూలు టీచరు ఉండేవాడు. వారం రోజులు వ్యాపారం, సాయంత్రాలు స్వచ్ఛంద సైనిక దళంలో అధికారి పని, ఆదివారం పిల్లలకు పాఠం. దళంలో వందమంది అతని ఒక్క మాటకు కదిలేవారు. సండేస్కూలులో మాత్రం పన్నెండేళ్ళు దాటిన కుర్రాళ్ళు బల్లలెక్కి అల్లరి చేసి, కొన్నాళ్ళకు రావడమే మానేసేవారు. దళంలో పనికొచ్చిన క్రమశిక్షణ ఇక్కడెందుకు పనికిరాదని అతనికి అనిపించింది. 1883 అక్టోబరు 4న మిషను హాలులో బాయ్స్ బ్రిగేడ్ మొదలుపెట్టాడు. డ్రిల్లు, ఆటలు, వాటితోపాటే బైబిలు తరగతి.

మూడేళ్ళకు, 1886లో, ఆ కుర్రాళ్ళను సముద్రతీరాన క్యాంపుకు తీసుకుపోయాడు. పనివాళ్ళ పిల్లలకు సెలవుల్లో క్యాంపు అనేది ఆ రోజుల్లో వినని మాట. బాయ్స్ బ్రిగేడ్ చూసి ముచ్చటపడినవారిలో బేడెన్ పావెల్ ఒకరు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో ఆయన పెట్టిన ప్రయోగాత్మక క్యాంపులో బాయ్స్ బ్రిగేడ్ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. అక్కడినుంచే స్కౌటు ఉద్యమం లేచింది. ఎన్‌సీసీ పుట్టిన దారి వేరైనా, ఆరుబయట కలిసి బతకడమే పిల్లలకు పాఠమన్న ఆలోచనను లోకానికి అలవాటు చేసినవారిలో ఒక సండేస్కూలు టీచరు ముందువరుసలో ఉన్నాడు. మన వీబీఎస్ కూడా ఇటువంటిదే. వేసవిలో వీధుల్లో తిరిగే పిల్లలకు ఏదైనా చేయాలనే తపనతోనే అది న్యూయార్కులో మొదలైంది. ఒకే ఇంట్లో పుట్టినవాటి మధ్య పోటీ ఎందుకు?

ఎండ మాట

తల్లి అడిగిన మొదటి ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పకూడదు. మే నెలలో హైదరాబాదులో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పరీక్షల పేరుతో రెండు నెలలు ఫ్యాను కింద కూర్చున్న పిల్లవాడు ఒక్కసారిగా మైదానంలో నిలబడితే శరీరం తట్టుకోదు. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే క్యాంపుకు రెండు వారాల ముందునుంచి ఉదయం పూట నడక, తరువాత కొద్దిపాటి పరుగు మొదలుపెట్టించాలి. తార్నాకవాళ్ళకు క్యాంపస్ రోడ్లు ఉండనే ఉన్నాయి.

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగడం నేర్పాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్ళు చాలలేదని అర్థం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో పెట్టాలి. అవి దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. తలకొట్టి కొలిచిన టీ చెంచాలు సుమా, గుట్టగా కాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మనకు తెలిసిందే. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా అది వడదెబ్బ. అప్పుడు నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారికి నోట్లో నీళ్ళు పోయకూడదు.

అమ్మాయిల తల్లులకు మరో మాట. పరేడులో కళ్ళు తిరిగి పడిపోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. క్యాంపు కాగితం మీద డాక్టరు సంతకం కోసం వెళ్ళినప్పుడే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాలు, పండ్లు తినమని ఆ సంస్థ చెబుతూనే ఉంటుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో బడికి పరుగెత్తే అలవాటు క్యాంపుకు ముందే మానిపించాలి. ఆస్తమా, మూర్ఛ వంటివి ఉంటే దాచకుండా ఫారంలో రాయాలి. దాచి పంపితే ఆపదలో బిడ్డకే నష్టం.

తుపాకీ, మనస్సాక్షి

పెద్దలు అడిగిన రెండో ప్రశ్నకు చట్టంలోనే కొంత జవాబుంది. ఎన్‌సీసీలో చేరినంత మాత్రాన ఎవరూ యుద్ధ సేవకు బద్ధులు కారని 1948 చట్టం స్పష్టంగా చెబుతుంది. చాలామంది క్యాడెట్లు టీచర్లుగా, నర్సులుగా, గుమాస్తాలుగా, రైతులుగా స్థిరపడతారు. రెండో తిమోతి పత్రికలో పౌలు కూడా సైనికుణ్ణి, పందెగాణ్ణి, వ్యవసాయకుణ్ణి పక్కపక్కనే పోలికలుగా చూపించాడు. ముగ్గురిలోనూ ఆయన మెచ్చింది ఓర్పును, నియమాన్ని, కష్టాన్ని.

అయినా ఆయుధం ముట్టడం తమ విశ్వాసానికి సమ్మతం కాదనేవారు మన మధ్య ఉన్నారు. మహబూబ్‌నగర్ ప్రాంతంలో వేరూనిన మెన్నొనైట్ బ్రదరన్ సంఘాల పూర్వికులు శాంతి బోధ కోసం దేశాలే వదిలివచ్చినవారు. అలాంటి మనస్సాక్షిని వేళాకోళం చేయకూడదు. వారి పిల్లలకు జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్, ఉంది. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఆ పథకంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పల్లెల్లో జరుగుతుంది. తుపాకీ లేదు గాని చెమట ఉంది. చిన్నపిల్లలకు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉంది. ఏదీ వద్దని సెల్‌ఫోను చేతికిచ్చి సెలవులు గడపనివ్వడమే అన్నిటికన్నా చెడ్డ దారి.

ఆదివారం, ప్రార్థన

పదిరోజుల క్యాంపులో కనీసం ఒక ఆదివారం వస్తుంది. బిడ్డ మందిరానికి రాలేడు. కాపరులు దీన్ని ఉల్లంఘనగా కాక ప్రయాణంలో ఉన్న విశ్వాసి స్థితిగా చూడాలని మా అభిప్రాయం. రైల్వేలో, ఆసుపత్రుల్లో, ఆర్టీసీలో పనిచేసే మన సభ్యులకు ప్రతి నెలా ఇదే పరిస్థితి. ఫాలిన్‌కు ముందు పావుగంట లేచి చదువుకోవడం, ప్రార్థించుకోవడం ఎవరూ కాదనరు. ఇంకా ఏదైనా వీలు కావాలంటే కాలేజీలో ఎన్‌సీసీ చూసే టీచరును ముందుగానే మర్యాదగా అడగాలి.

మరో భయం ఇటీవల పెరిగింది. 2017లో సైన్యంలో చేరిన ఒక క్రైస్తవ అధికారి రెజిమెంటు ఆలయ గర్భగుడిలోకి వెళ్ళడానికి నిరాకరించి, 2021లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు, అదే ఏడు నవంబరు 25న సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. ఈ వార్త చదివి తల్లిదండ్రులు కలవరపడడం సహజం. అయితే క్యాడెట్ స్థితి వేరు. క్యాడెట్ సైన్యాధికారి కాడు, ఆర్మీ చట్టం కింద ఉండడు, ఇష్టపడి చేరిన విద్యార్థి. క్యాంపులో సర్వమత ప్రార్థన జరిగితే మౌనంగా, గౌరవంగా నిలబడడానికీ, తన మనస్సాక్షి ఒప్పని క్రియలో పాల్గొనకుండా వినయంగా చెప్పుకోవడానికీ మధ్య తేడా పిల్లలకు ఇంట్లోనే నేర్పాలి. పక్కవాని దైవాన్ని కించపరచకూడదనీ, తన విశ్వాసానికి సిగ్గుపడకూడదనీ రెండూ ఒకేసారి చెప్పాలి. రేపు సైన్యంలో చేరాలనుకునే బిడ్డతో మాత్రం ఆ తీర్పు గురించి కాపరి కూర్చుని విప్పి మాట్లాడాలి. ఉద్యోగం వచ్చాక కాదు, నిర్ణయానికి ముందే.

నకిలీ క్యాంపులున్నాయి, జాగ్రత్త

2024 ఆగస్టులో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో ఎన్‌సీసీ క్యాంపు అని చెప్పి పిల్లలను రాత్రిళ్ళు ఉంచారు. అక్కడ బాలికల మీద లైంగిక దాడులు జరిగాయి. అది ఎన్‌సీసీ క్యాంపే కాదని, ఆ బడికి ఎన్‌సీసీతో సంబంధమే లేదని తరువాత తేలింది. యూనిఫాం చూసి, ఈల చప్పుడు విని తల్లిదండ్రులు నమ్మారు. తెలుగు జిల్లాల సరిహద్దు నుంచి ఆ చోటు ఎంతో దూరం కాదు.

కాబట్టి సంతకం పెట్టేముందు ఈ సంగతులు కనుక్కోండి. బిడ్డ చదివే బడికి ఎన్‌సీసీ యూనిట్ మంజూరై ఉందా? క్యాంపు ఉత్తర్వు ఏ బెటాలియన్ నుంచి వచ్చింది? బిడ్డ వెంట వెళ్ళే టీచరు ఎవరు? అమ్మాయిలుంటే మహిళా అధికారులు రాత్రి కూడా అక్కడే ఉంటారా? అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలి? అధికారికంగా జరిగే క్యాంపులో తిండికీ బసకూ క్యాడెట్ డబ్బు కట్టనక్కరలేదు. వేలకు వేలు ఫీజు అడిగితే అనుమానించండి. ఎవరైనా తప్పుగా తాకినా, బెదిరించినా వెంటనే చెప్పమని, చెబితే తిట్టబోమని బిడ్డకు ముందే మాటివ్వండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఇదే జాగ్రత్త సంఘం పెట్టే రిట్రీటుకూ వర్తిస్తుందని కాపరులు మరచిపోకూడదు.

సంఘం ఏం చేయగలదు?

మొదట, క్యాలెండరు. ఫిబ్రవరిలోనే సంఘంలోని క్యాడెట్ల పేర్లు రాసుకుని, వారి కాలేజీలను అడిగి, వీలైతే వీబీఎస్ తేదీలు సర్దుకోవాలి. అందరి క్యాంపులూ ఒకే వారంలో రావు. ఒకరు వెళ్ళినప్పుడు మరొకరు సాయం చేస్తారు.

రెండు, సామాను. తిండి ఉచితమే గాని బూట్లు, దోమతెర, టార్చి, పరుపు చుట్ట కొనడానికి కూలి చేసుకునే ఇంటికి భారమే. ఆ కారణంతో క్యాంపు మానుకునే పిల్లవాడు అసలు కారణం చెప్పడు, ఇష్టం లేదంటాడు. మహిళా సమాజమో యౌవనస్థుల సంఘమో ఒక పెట్టె నిండా ఈ వస్తువులు కొని ఉంచితే, ఏటేటా వాడుకుని తిరిగి ఇవ్వవచ్చు. ఒకసారి పెట్టిన ఖర్చు ఎన్నో ఏళ్ళు పనికొస్తుంది. ఇచ్చేటప్పుడు పదిమందిలో పిలిచి ఇవ్వకండి.

మూడు, పంపడం. మిషనరీ ప్రయాణానికి ప్రార్థన చేసి పంపే సంఘం, పదిహేనేళ్ళ అమ్మాయి తొలిసారి ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఎందుకు చేయకూడదు? క్యాంపుల్లో ఫోను దగ్గర ఉంచుకోనివ్వకపోవచ్చు. వీలైతే చేతితో రాసిన ఒక ఉత్తరం సంచిలో పెట్టి పంపండి. మధ్యలో జ్వరం వచ్చి తిరిగి వచ్చిన బిడ్డనూ, ఎంపికలో పేరు రాని బిడ్డనూ ఎత్తిపొడవకండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: తిరిగి వచ్చాక పని ఇవ్వడం. యూనిఫాంలో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి అభినందించడంతో చాలాచోట్ల సంఘం బాధ్యత తీరిపోతుంది. నెల తిరిగేసరికి నేర్చుకున్నది మరచిపోతారు. మన మందిరంలో ప్రథమ చికిత్స పెట్టె ఉందా, అందులో మందుల గడువు తీరిందా? అగ్నిమాపక సిలిండరు వాడడం ఎవరికైనా తెలుసా? క్రిస్మస్ రాత్రి, శుభశుక్రవారం జనం కిక్కిరిసినప్పుడు తలుపుల దగ్గర దారి ఖాళీగా ఉంచేదెవరు? ఎవరిది ఏ బ్లడ్ గ్రూపో రాసిన పుస్తకం ఉందా? ఈ పనులకు శిక్షణ పొందినవారు మన బల్లల మీదే కూర్చుని ఉన్నారు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఎన్‌సీసీ యోగదాన్ పేరుతో దేశమంతటా సీనియర్ క్యాడెట్లు వరుసలు సర్దడం, ఆహారం పంచడం వంటి పనులు చేశారు. అదే ఏడు అక్టోబరులో హైదరాబాదు బస్తీలు నీట మునిగాయి. అలాంటి రాత్రి మళ్ళీ వస్తే, మందిరం తలుపులు తెరిచి వృద్ధులను మేడమీదికి చేర్చడానికి ఎవరు ముందుకు రావాలో సంఘానికి ముందే తెలిసి ఉండాలి.

క్యాంపు నుంచి వచ్చిన మొదటి ఆదివారం ఆ బిడ్డకు పదినిమిషాలు ఇవ్వండి. ప్రసంగం కోసం కాదు. రక్తం కారుతుంటే కట్టు ఎలా కట్టాలో, గుండె ఆగినవారి ఛాతీ మీద ఎలా నొక్కాలో తోటి పిల్లలకు చేసి చూపించమనండి. ముందు బల్లల్లో కూర్చునే పెద్దలు కూడా లేచి వచ్చి నేర్చుకుంటే ఇంకా మంచిది. ఎప్పుడూ వినమని చెప్పే సంఘం ఒకసారి తన మాట వినడం చూసిన కుర్రవాడు, డిగ్రీ అయిపోయాక కూడా ఆ సంఘాన్ని సులభంగా వదిలిపోడు.

ఈ వేసవిలో మీ ఇంటికో మీ పొరుగింటికో ఆ కాగితం వచ్చి ఉంటుంది. చివరి తేదీ దగ్గర పడకముందే చదవండి, కనుక్కోవలసినవి కనుక్కోండి. అన్నీ సరిగా ఉంటే సంతకం పెట్టండి. ఆ సంగతి కాపరికి చెప్పండి.